నమూనా తీసే ముందు: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

దక్షిణాసియా జనాభాల పూర్వీకతను వై క్రోమోజోము ఆధారంగా పరిశోధించబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఆ పనిలోనే జీవితం గడిపినవాణ్ణి కనుక, నీవు మొదటి నమూనా తీయకముందే కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

వై క్రోమోజోము, రెండు కొసల్లోని చిన్న భాగాలు తప్ప, పునస్సంయోగం (జత క్రోమోజోముతో ముక్కలు మార్చుకోవడం) లేకుండా తండ్రి నుండి కొడుక్కి చేరుతుంది. అందువల్లనే దానిలో పేరుకున్న ఉత్పరివర్తనాలను, అంటే జన్యువుల్లో వచ్చే చిన్న మార్పులను బట్టి తండ్రుల వరుసను వెనక్కి గుర్తించగలం. అయితే పది తరాల వెనుక మనిషికి 1,024 పూర్వీకుల స్థానాలు ఉంటే, అది చెప్పేది వారిలో ఒక్కరి గురించే. మన మేనమామ బంధుత్వమే అందులో కనిపించదు: మీ అన్నకు వచ్చినది మీ నాన్నగారి వై, నాకు వచ్చినది మీ అమ్మ తండ్రిగారిది. కాబట్టి ‘ఫలానా కులంవారు ఆర్1ఎ’ (వై వంశవృక్షంలోని ఒక శాఖ పేరు) అని ఎన్నడూ వ్రాయవద్దు. ఫలానా చోట, ఇంతమంది పురుషులలో, ఇంతమందికి ఆ శాఖ ఉన్నదని మాత్రమే వ్రాయి.

నమూనాల సేకరణలో నేను చేసిన పొరపాటు ఇప్పటికీ బాధిస్తుంది. ఒక ఊరిలో రక్తం ఇచ్చినవారిలో చాలామంది ఒకే ముత్తాత సంతతి అని ఆలస్యంగా తెలిసింది. ఒక్క కుటుంబపు వరుసను నేను ఊరంతటి లక్షణంగా లెక్కించాను. ఇంటిపేరు, గోత్రం, మూడు తరాల స్వస్థలం అడుగు. దత్తతలు, ఇల్లరికాలు ఉన్నాయేమో మర్యాదగా అడిగి తెలుసుకో, ఎందుకంటే అక్కడ ఇంటిపేరు ఒక దారిన, వై మరో దారిన పోయి ఉండవచ్చు.

కాలనిర్ణయంలో మరింత జాగ్రత్త అవసరం. సూక్ష్మ పునరావృతాలతో (వరుసగా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న డీఎన్ఏ తునకలతో) లెక్కించేటప్పుడు తండ్రీకొడుకులను పోల్చి సాధించిన ఉత్పరివర్తన రేటుకూ, చరిత్ర తెలిసిన జనాభాలను బట్టి అంచనా వేసిన ‘పరిణామ రేటు’కూ దాదాపు మూడు రెట్ల తేడా ఉంది; అదే సమాచారం ఒకరికి 4,000 ఏళ్లుగా, మరొకరికి 12,000 ఏళ్లుగా కనిపించేది అందుకే. 2003లో చెంచులలో ఆర్1ఎ కనిపించినప్పుడు ఆ శాఖ మూలం గురించి సాగిన వాదనలు ఈ చిక్కు నుండి తప్పించుకోలేకపోయాయి. 2016లో 1,244 మంది పురుషుల వై జన్యుక్రమాలను పోల్చిన అధ్యయనంలో బ్రిటన్‌లోని తెలుగువారూ ఉన్నారు; అది దక్షిణాసియాలో ఆర్1ఎలోని జెడ్93 అనే ఉపశాఖ విస్తరణను 4,000–4,500 ఏళ్ల క్రితానికి చేర్చింది. అయినా శాఖ వయస్సు వేరు, అది ఒక ప్రాంతానికి చేరిన తేదీ వేరు. 2019లో ప్రకటించిన, హర్యానాలోని సింధు నాగరికత స్థలమైన రాఖీగఢీ నాటి జన్యుక్రమం ఒక స్త్రీది కాబట్టి సింధు నాగరికత పురుషుల వరుసల గురించి అది సూటిగా ఏమీ చెప్పదు. ఆ సంగతి మరచి వ్రాసినవారు ఎందరో.

తల్లి నుండి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను, మిగిలిన క్రోమోజోములను తప్పక జత చేయి. మన ఉత్తరాంధ్రలోని సవరల వంటి ముండా భాషల వారిలో ఆగ్నేయాసియాతో సంబంధమున్న ఓ-ఎం95 తండ్రి వరుస విస్తారంగా ఉంటే, తల్లి వరుసలు అధికంగా ఇక్కడివే. ఒక్క వై చూసి ఆగిపోతే వారి తల్లుల చరిత్ర మొత్తం పోతుంది.

సమ్మతి పత్రాన్ని నమూనా ఇచ్చేవారి మాటలో చదివి వినిపించు. ఫలితాలు వచ్చాక మళ్లీ ఆ ఊరికి వెళ్లి చెప్పు. ముసాయిదా సిద్ధం కాగానే నాకు పంపు, ప్రతి వాక్యమూ చదివి జవాబు వ్రాస్తాను.

ఇట్లు,
మామయ్య