మార్చి రాగానే స్నోమొబైల్ రైడర్లకు ఇంత కోపం ఎందుకు? కొత్త మోడల్‌కు ఇప్పుడే అడ్వాన్సు కట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అమెరికాలోని మిన్నెసోటాకు కొత్తగా వచ్చారు, ఆఫీసు మిత్రులు స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) కొనమని పోరు పెడుతున్నారు, ఆ మిత్రులే ఒక కంపెనీ ప్రకటించిన వచ్చే ఏటి మోడళ్ళను చూసి మండిపడుతున్నారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉందా, ఏప్రిల్ లోపు అడ్వాన్సు కట్టాలా, ఆగాలా? నేను ఇదే రాష్ట్రంలోని డులూత్ నగరానికి కాస్త ఉత్తరాన ఉంటాను. చాలా చలికాలాలుగా ఈ బళ్ళ మీద తిరుగుతున్నాను. అడ్వాన్సు కట్టవద్దనే చెబుతాను. ఇక కోపం సంగతి అంటారా, అందులో సగం న్యాయమైనదే.

ముందు ఈ వ్యాపారం నడిచే తీరు తెలియాలి. మన ఊళ్ళలో బండి కొనాలంటే షోరూముకు వెళ్తాం, చూస్తాం, ఒక చుట్టు నడిపి చూస్తాం, బేరమాడతాం. ఇక్కడ అలా కాదు. చలికాలం ముగింపులో కంపెనీలు రాబోయే చలికాలపు మోడళ్ళను ప్రకటిస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొన్ని వారాల గడువు ఇస్తాయి. ఆ గడువులో డబ్బు కట్టినవారు ఇంజిను, ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టీ) పొడవు, షాక్ అబ్జార్బర్లు, డిస్‌ప్లే, రంగు తమకు కావలసినట్టు ఎంచుకోవచ్చు. బండి ఫ్యాక్టరీలో తయారై మంచు పడే ముందు డీలర్ దగ్గరకు చేరుతుంది. గడువు దాటితే డీలర్ తన అంచనాతో తెప్పించుకున్నవాటిలోంచే ఏరుకోవాలి. పైగా కొన్ని మోడళ్ళు ఆ గడువులో కట్టినవారికే దొరుకుతాయి, తర్వాత ఎంత అడిగినా ఉండవు. అంటే మంచు కరిగిపోతున్న రోజుల్లో, చాలామంది ఒక్కసారైనా నడపని బండికి, ఎనిమిది నెలల ముందే మాట ఇచ్చేయాలి. అలాంటప్పుడు జాబితాలో తనకు కావలసిన బండి కనిపించకపోతే మనిషికి కోపం రాక ఏం వస్తుంది?

ఆ జాబితాలో ఏం మాయమవుతోందో నా అనుభవంతో చెబుతాను. కంపెనీ పేరు చెప్పను, అవసరం కూడా లేదు.

కొన్నేళ్ళ క్రితం నా పాత బండి మార్చాలనుకున్నాను. నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు: 600 సీసీ టూ స్ట్రోక్ ఇంజిను, 137 అంగుళాల ట్రాక్, సెల్ఫ్ స్టార్ట్, వేగమూ ఇంధనమూ చూపించే మామూలు మీటరు. 129 అంగుళాలది మలుపుల్లో చురుగ్గా ఉంటుంది, గతుకుల మీద మాత్రం నడుము విరగ్గొడుతుంది. 154, 165 అంగుళాలవి పశ్చిమాన కొండల్లో నడుము లోతు పొడి మంచులో తేలడానికి. మా వైపు దారులకు 137 సరిగ్గా సరిపోతుంది, గతుకు నుంచి గతుకుకు వంతెన వేసినట్టు సాగిపోతుంది. అంతకు ముందు ఏడాది వరకూ ఆ కంపెనీ సరిగ్గా ఇలాంటి బండే అమ్మింది. కొత్త జాబితాలో అది లేదు. 600 కావాలంటే పొట్టి ట్రాకు, నాసిరకం షాకులు ఉన్న చౌక మోడల్. 137 కావాలంటే 850 ఇంజిను, దానికి విడదీయరాని పెద్ద టచ్ స్క్రీను. ఈ రెండింటికీ మధ్య ధరలో వేల డాలర్ల తేడా.

డీలర్‌ను అడిగాను. ఆయన మొహమే చెప్పింది, అప్పటికి నాలాంటివాళ్ళు చాలామంది వచ్చి వెళ్ళారని. "జాబితా నేను తయారు చేయను, నాకూ మీతోపాటే తెలుస్తుంది" అన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఇక్కడా మామూలే. జాబితా రాసింది ఎవరో, మాటలు పడేది ఎవరో.

ఇప్పుడు మిన్నెసోటా చట్టం ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ స్నోమొబైల్ వేగ పరిమితి గంటకు 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు. ఈ కాలపు 600 సీసీ ఇంజిను దాదాపు 120 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే ఆ పరిమితిని నవ్వుతూ దాటేస్తుంది. 850 అయితే 160 దాటుతుంది, టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. అడవిలో, పైన్ చెట్ల మధ్య, ఎదురుగా పిల్లలతో వస్తున్న కుటుంబం ఉండే దారిలో ఆ శక్తిని ఏం చేసుకోవాలి? మా రాష్ట్రంలో 22 వేల మైళ్ళకు పైగా దారులున్నాయి. వాటిలో అత్యధిక భాగాన్ని చూసుకునేది స్థానిక క్లబ్బుల వాళ్ళే. బళ్ళ రిజిస్ట్రేషన్, పెట్రోలు పన్ను నుంచి వచ్చే డబ్బుకు తమ చాకిరీ జోడించి, రాత్రిళ్ళు యంత్రాలతో మంచు చదును చేస్తారు. వాళ్ళలో ఎక్కువమంది నడివయసు దాటినవారు, కొన్నేళ్ళకోసారి నమ్మకంగా కొత్త బండి కొనేవారు. దారులు నిలబెడుతున్నదే వీళ్ళు. వీళ్ళకు పనికివచ్చే మధ్యరకం బండిని తీసేసి, ప్రచార చిత్రాల్లో కొండ అంచు నుంచి దూకే బండిని ముందుపెడితే, ఆ కోపానికి పక్కన నేనూ నిలబడతాను.

టచ్ స్క్రీన్ మీద నా చికాకు ఇంకో రకం. మైనస్ 25 డిగ్రీల్లో, మందపాటి చేతి తొడుగులతో, వణికే బండి మీద మ్యాపు జరపడం ఎంత సుఖమో మీరే ఊహించుకోండి. మీటలు కూడా ఉంటాయి, కాదనను. కానీ వద్దన్నవాడికి వద్దనే హక్కు ఉండాలి కదా.

మిగతా సగం కోపం మాత్రం నాకు ఒప్పుదల కాదు. "రంగు మార్చి, కొత్త స్టిక్కర్లు అంటించి కొత్త మోడల్ అంటున్నారు" అని ఏటా వినిపించే ఫిర్యాదు ఉంది. మార్చకపోతేనే మీ అదృష్టం అంటాను. కొత్త చట్రం, కొత్త ఇంజిను వచ్చిన మొదటి ఏడాది బండిలో చిన్నా పెద్దా లోపాలు బయటపడటం ఈ పరిశ్రమలో అలవాటుగా జరిగేదే. మూడో ఏట రంగు మాత్రమే మారిన బండి అందరికన్నా నమ్మకమైనది. నిరుడు "ఇన్ని మార్పులా" అన్నవాళ్ళే ఈసారి "మార్పే లేదు" అనడం కూడా నా చెవులారా విన్నాను.

కంపెనీల వైపు లెక్క కూడా చూడాలి, లేకపోతే ఇదంతా దుర్మార్గంలా కనిపిస్తుంది. 1970ల మొదట్లో వందకు పైగా కంపెనీలు స్నోమొబైళ్ళు తయారు చేసేవి. ఇప్పుడు చెప్పుకోదగ్గవి మూడే: క్యుబెక్‌లోని వాల్‌కోర్ట్ నుంచి స్కీడూ తయారు చేసే బీఆర్‌పీ, మా మిన్నెసోటా వారి పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్. (పొలారిస్ పుట్టిన ఊరు రోజో (Roseau), ఆర్కిటిక్ క్యాట్ పుట్టిన ఊరు థీఫ్ రివర్ ఫాల్స్, రెండింటి మధ్య గంట పైచిలుకు ప్రయాణం. రెండు కంపెనీల పుట్టుకలోనూ ఎడ్గర్ హెటీన్ చేయి ఉంది. ఒకదాన్ని వదిలి వెళ్ళి దానికి పోటీగా రెండోది పెట్టాడు.) ప్రపంచం మొత్తం మీద ఏడాదికి అమ్ముడయ్యే స్నోమొబైళ్ళు లక్షకు కాస్త అటూ ఇటూ. మన హీరో కంపెనీ వారం పది రోజుల్లో అంతకన్నా ఎక్కువ మోటారు సైకిళ్ళు అమ్మేస్తుంది. ఇంత చిన్న సంతలో ప్రతి ఇంజినుకూ ప్రతి ట్రాకుకూ ఒక మోడల్ పెట్టమంటే ఎవరికీ గిట్టదు. కొండల్లో నడిపేవారు ఖరీదైన బళ్ళు తరచుగా మారుస్తారు కనుక కొత్తదనమంతా ముందు అటువైపే పోతుంది.

దానికి తోడు వాతావరణం. 2023-24 చలికాలం మిన్నెసోటా చరిత్రలోనే అత్యంత వెచ్చనిది. జనవరిలో గడ్డి కనబడింది. బళ్ళు ట్రైలర్ దిగలేదు, డీలర్ల దగ్గర సరుకు పేరుకుపోయింది, కంపెనీలు ఉత్పత్తి తగ్గించాయి. 2024 చివర్లో ఆర్కిటిక్ క్యాట్ యజమాని అయిన టెక్స్‌ట్రాన్ అక్కడి ఉత్పత్తిని ఆపుతున్నట్టు ప్రకటించింది. 2025లో కంపెనీ కొత్త యజమానుల చేతికి వెళ్ళింది. 1968 నుంచి ఈ రంగంలో ఉన్న యమహా అయితే 2023 జూన్‌లోనే సెలవు చెప్పింది, ఉత్తర అమెరికాలో 2025 మోడళ్ళే ఆఖరివి అని. యమహా పోవడం ఇక్కడి వాళ్ళకు ఎంత బాధో, ఆర్ఎక్స్ 100 ఆగిపోయినప్పటి మన కుర్రాళ్ళను చూసినవారికి చెప్పనక్కర్లేదు. తమాషా ఏమిటంటే మనవాళ్ళు యమహాను ప్రేమించింది టూ స్ట్రోక్ కోసం, ఇక్కడివాళ్ళు ఫోర్ స్ట్రోక్ కోసం. 2003 మోడల్‌గా వచ్చిన ఆర్ఎక్స్ 1 నుంచి ఆ ఇంజిన్ల గట్టితనం గురించి చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇక మన రోడ్ల మీద దాదాపు కనుమరుగైన టూ స్ట్రోక్ ఇక్కడ ఎందుకు బతికే ఉందని చాలామంది అడుగుతారు. బరువే కారణం. లోతు మంచులో ప్రతి కిలో బండిని కిందకు లాగుతుంది. నేరుగా సిలిండరులోకి ఇంధనం చిమ్మే పద్ధతి వచ్చాక కాలని పెట్రోలు బయటకు పోవడం బాగా తగ్గింది, పొగా తగ్గింది. ఇంకో చక్కని సంగతి: ఈ టూ స్ట్రోక్ బళ్ళలో చాలావాటికి వెనక్కి పోవడానికి ప్రత్యేకమైన గేరు ఉండదు. మీట నొక్కితే ఇంజిను దాదాపు ఆగిపోయి, వ్యతిరేక దిశలో తిరగడం మొదలుపెడుతుంది.

కోపాల్లో అన్నిటికన్నా న్యాయమైనదాన్ని ఆఖరుకు ఉంచాను, ఎందుకంటే మీ నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది. మార్చిలో పూర్తి ధరకు ఒప్పుకున్నవాడు, మంచు సరిగా పడని ఏడాది చివర్లో అదే బండి డీలర్ దగ్గర వేల డాలర్ల తగ్గింపుతో నిలబడి ఉండటం చూస్తాడు. ముందుగా నమ్మినవాడికి శిక్ష, ఆగినవాడికి బహుమతి. బుకింగ్ చేసినవారికి అదనపు వారంటీ లాంటివి ఇస్తారు, నిజమే. ఆ తగ్గింపు ముందు అవి ఏ మూలకు? నాకు కావలసిన 137 ట్రాకు బండి కూడా చివరికి అలాగే దొరికింది. ముందు ఏడాది మోడల్, పక్క కౌంటీలో అమ్ముడుపోకుండా మిగిలినది, ఒక్క మైలు కూడా నడవనిది. రంగు నాకు నచ్చదు. నడిపేటప్పుడు నాకు కనిపించదు కదా.

కనుక మీరు చేయవలసింది ఇదీ. ఈ చలికాలం మంచు ఉన్నంతకాలం అద్దెకు తీసుకుని నడపండి, సుపీరియర్ సరస్సు ఉత్తర తీరంలోనూ, కుదిరితే మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోని కీవినా వైపూ. ఆ సరస్సు గాలి కీవినాలో కుమ్మరించే మంచు సామాన్యమైనది కాదు: 1978-79 చలికాలంలో 390 అంగుళాలు పడింది. ఒక రోజంతా కూర్చున్నాక మీ నడుమే చెబుతుంది ఏ ట్రాకు కావాలో. తర్వాత వేసవి చివరి నుంచి డీలర్ల దగ్గర మిగిలిన పాత మోడళ్ళు వెతకండి. మొదటి బండికి 600 చాలు. మీ ఇంటికి దగ్గరలో ఏ కంపెనీ డీలర్ ఉన్నాడో ఆ కంపెనీదే కొనండి. జనవరి శనివారం ఇంజిను శక్తిని ట్రాకు వైపు అందించే బెల్టు తెగినప్పుడు ఆ దగ్గరితనం విలువ తెలుస్తుంది. విడి బెల్టు ఒకటి ఎప్పుడూ బండిలోనే ఉండాలి. వాడిన బండి అయితే స్కీల (ముందు వైపు మంచు మీద జారే పలకల) కదలిక, ట్రాక్ పళ్ళ అరుగుదల, కింద జారుడు పట్టీల మందం చూడండి, ఇంజిను కంప్రెషన్ పరీక్ష చేయించండి. తాడు లాగి స్టార్ట్ చేసే బండి చవకగా వస్తుందని ఆశపడకండి, కొత్తవారికి ఆ చలిలో అది నరకం.

మొదటి ఏడాది గడ్డకట్టిన సరస్సుల జోలికి ఒంటరిగా పోవద్దు. స్నోమొబైల్‌కు కనీసం 5 నుంచి 7 అంగుళాల గట్టి, కొత్త మంచుగడ్డ ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. పైన మంచు కప్పేసి ఉంటే కింద ఎంత ఉందో కంటికి తెలియదు, తొలిచి కొలవాల్సిందే. ఇంకొకటి, మీరు 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవారైతే ఇక్కడ నడపడానికి భద్రతా సర్టిఫికెట్ తప్పనిసరి. పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయవచ్చు, అద్దె బండి తీసుకునే ముందే అది చేతిలో పెట్టుకోండి.