రద్దీలో మాత్రమే వేడెక్కే ఇంజిన్

ప్రశ్న: ఖాళీ రోడ్డుపై వెళ్తున్నంతసేపూ నా కారు ఏ ఇబ్బందీ పెట్టదు. రద్దీలో కాసేపు నిలిచిందంటే మాత్రం ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తోంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గలేదు. థర్మోస్టాట్ (కూలెంట్ తగినంత వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వ్) తీసేయమని ఒకరు, రేడియేటర్ (కూలెంట్ వేడిని గాలిలోకి వదిలే భాగం) మార్చమని మరొకరు చెబుతున్నారు. ఇంట్లోనే కారణం తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. నిజానికి సగం సమాధానం మీ ప్రశ్నలోనే ఉంది. కారు కదులుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలిచినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. కాబట్టి నిలిచినప్పుడే వేడెక్కే కారులో మొదట అనుమానించవలసింది ఫ్యాన్‌నే. ఇందుకు భిన్నంగా, వేగంగా వెళ్తున్నప్పుడు వేడెక్కితే కూలెంట్ ప్రవాహంలో లోపం ఉందని, అంటే రేడియేటర్ లోపల పూడుకుపోవడమో, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవడమో, వాటర్ పంప్ బలహీనపడటమో జరిగిందని భావించాలి.

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో ఏసీ వేసిన కొద్దిసేపటికే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే మోటారు బాగున్నట్టే. ఇంజిన్ వేడెక్కినా ఫ్యాన్‌కు ఆదేశం అందడం లేదంటే ఉష్ణోగ్రత సెన్సార్‌నూ దాని వైర్లనూ పరీక్షించాలి. ఏసీ వేసినా తిరగకపోతే ముందు ఫ్యూజ్ చూడండి, ఆ తర్వాత ఫ్యాన్ రిలేను (ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్‌ను) తీసి అదే ఫ్యూజ్ పెట్టెలో ఉన్న అదే రకం రిలేను దాని స్థానంలో పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే మోటారు ప్లగ్ ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వాలి; అయినా తిరగకపోతే మోటారు కాలిపోయినట్టే. రెండు వేగాలున్న ఫ్యాన్లలో తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ ఒక్కటే పాడవడం కూడా జరుగుతుంది. కొన్ని ఫ్యాన్లు ఇంజిన్ ఆపిన తర్వాత కూడా హఠాత్తుగా తిరుగుతాయి కాబట్టి, చేయి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం మరువకండి.

ఫ్యాన్ బాగానే ఉంటే రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును, పురుగులను కడిగేయాలి. నీటిని ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా పోయాలి, గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇక థర్మోస్టాట్ సంగతి. దీన్ని తీసేయమనే సలహాతో నేను ఏకీభవించను. మీ లక్షణాలు దానివైపు చూపడం లేదు. పైగా అది లేకపోతే ఇంజిన్ ఉండవలసిన వేడికి చేరక ఇంధనం ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలో కూలెంట్ రేడియేటర్‌లోకి వెళ్లకుండా బైపాస్ దారి పట్టి, సమస్యను మరింత పెంచుతుంది. అనుమానముంటే దాన్ని విప్పి, గిన్నెలోని నీటిలో థర్మామీటర్‌తో పాటు ఉంచి కాచండి. దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర (సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల సెల్సియస్) తెరుచుకోవడం మొదలైతే, అది మంచిదే.

చల్లని ఇంజిన్ మొదలుపెట్టిన వెంటనే రేడియేటర్ పై హోస్ పైపు గట్టిపడటం, రిజర్వ్ ట్యాంకులో ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ మూత కింద పాల రంగు నురగ కట్టడం, పొగగొట్టం నుంచి తీపి వాసనతో తెల్లని పొగ రావడం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని పైనుండే సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) దెబ్బతిన్నదనడానికి సూచనలు. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే కారు నడపకుండా మెకానిక్‌కు అప్పగించండి.

ప్రశ్న: ముల్లు ఎర్ర గీత దాటితే వెంటనే రేడియేటర్ మూత తీసి చన్నీళ్లు పోయవచ్చా?

జవాబు: వద్దు. కూలెంట్ తిరిగే వ్యవస్థలో సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడి ఉండడంవల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత విప్పగానే అది ఒక్కసారిగా ఆవిరై పైకి చిమ్మి ఒళ్లు కాలుతుంది. చన్నీళ్లు తగిలితే సిలిండర్ హెడ్‌లో పగుళ్లు రావచ్చు. ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిపై పెట్టి, వీలైనంత త్వరగా కారును పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. పై హోస్ చేతికి చల్లగా తగిలే వరకు ఆగి, అప్పుడు కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌నే, గాఢమైనదైతే సాధారణంగా సగం స్వేదన జలంతో కలిపి నింపండి. కుళాయి నీటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పొరలు కడతాయి. ఒలికిన కూలెంట్‌ను వెంటనే తుడిచేయండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, పిల్లలకూ జంతువులకూ ప్రాణాంతకం.