పక్క సీటాయనకు నా మీద కోపమా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. "రాత్రి పదింటిదాకా పని చేస్తున్నాను, శనివారం కూడా లాగిన్ అవుతున్నాను. అయినా టీమ్‌లో ఎవరూ సరిగ్గా మాట్లాడరు. పక్క సీటాయనైతే మరీ ముభావంగా ఉంటాడు. నేనేం తప్పు చేశాను?" అని అడిగావు.

తప్పేమీ చేయలేదు. కానీ నువ్వు ఎందుకింత కష్టపడుతున్నావో వాళ్లకు తెలియదు. ముందు నీకైనా తెలుసా?

నేను 2011లో డాలస్ వచ్చినప్పుడు నా సంగతీ ఇదే. మా టీమ్‌లో అరవై దాటిన ఒక అమెరికన్ ఉండేవాడు. సాయంత్రం నాలుగున్నరకల్లా బ్యాగు సర్దేసేవాడు. ఆదివారం రాత్రి నేను మెయిల్ పంపితే సోమవారం మొహం చిట్లించేవాడు. పని దొంగ అనుకున్నాను. ఒకసారి డెమోకి ఆయన చేయాల్సిన భాగం కూడా నేనే చేసి చూపించాను. సాయం చేశాననుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడడమే మానేశాడు.

కొన్నాళ్లకు ఉండబట్టలేక కాఫీకి పిలిచి ఉన్నమాట చెప్పేశాను. ఉద్యోగం పోతే దేశం వదిలి వెళ్లాలి, ఇంటి దగ్గర చదువు అప్పు ఉంది, ఆ టెన్షన్‌తోనే ఇలా చేస్తున్నాను అని. ఉద్యోగం పోయిన హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) వాళ్లకు ఇక్కడే ఉండి వేరే దారి చూసుకోవడానికి ఇప్పుడున్న 60 రోజుల దాకా గడువు 2017లో వచ్చింది, అప్పట్లో అదీ లేదు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. భార్యకు క్యాన్సర్. వైద్యమంతా ఈ ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్సు మీదే నడుస్తోంది. ఇద్దరికీ 65 నిండి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వచ్చేదాకా ఎలాగైనా నెట్టుకురావాలి. నేను ఆయన ఉద్యోగానికి ఎసరు పెడుతున్నానని భయపడ్డాడట. పొద్దున ఆరింటికే వచ్చి కూర్చునేవాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడాది పాటు పక్కపక్కనే కూర్చున్నాం!

అందుకే ముందు ఒక కాగితం మీద నీ కారణం రాసుకో. వీసా భయమా, గ్రీన్‌కార్డా, అప్పా, ఆ పనంటే నిజంగా ఇష్టమా, లేక కాదంటే ఏమనుకుంటారోనన్న మొహమాటమా? మనవాళ్లలో ఈ చివరిది చాలా ఎక్కువ. మొహమాటానికి ఒప్పుకున్న పని ఆలస్యమైతే ఇక్కడివాళ్లు దాన్ని మర్యాద కింద లెక్కవేయరు, మాట తప్పాడనుకుంటారు.

ఎదుటివాళ్ల విషయంలో జాగ్రత్త. వయసు, జీతం, జబ్బు, పిల్లలు, మతం గురించి వాళ్లంతట వాళ్లు చెప్తే విను, నువ్వుగా అడగకు. మన ఊళ్లో ఆప్యాయంగా అడిగేవే ఇక్కడ చాలామందికి ఇబ్బందిగా ఉంటాయి. పని గురించే అడుగు.

వచ్చే వారం మేనేజర్‌తో వన్ ఆన్ వన్ (ఇద్దరే కూర్చుని మాట్లాడుకునే మీటింగ్) ఉందన్నావు కదా. "ఈ మూడు నెలల్లో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనదేంటి? నేనేం చేస్తే మీకు భారం తగ్గుతుంది?" అని అడుగు. పక్క సీటాయన పని ముట్టుకునే ముందు ఆయన్నే అడుగు. శనివారం రాసిన మెయిల్ సోమవారం ఉదయం వెళ్లేలా షెడ్యూల్ చేసి పెట్టు.