హాంకాంగ్‌లో టైఫూన్ల కాలం: కొత్తగా వచ్చినవారు ఏం తెలుసుకోవాలి?

ఉద్యోగరీత్యా హాంకాంగ్ వచ్చినవారు ముందుగా తెలుసుకోవలసింది అక్కడి వాతావరణ కేంద్రం ప్రకటించే 1, 3, 8, 9, 10 టైఫూన్ (తుపాను) హెచ్చరిక సంకేతాల అర్థం; అంకె పెరిగేకొద్దీ తీవ్రత ఎక్కువ. మన విశాఖ, మచిలీపట్నం రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ప్రధానంగా నౌకల కోసం కాగా, అక్కడ 8వ సంకేతం వెలువడితే బడులు, చాలా కార్యాలయాలు మూతపడతాయి, బస్సులు, ఫెర్రీలు క్రమంగా ఆగిపోతాయి. సాధారణంగా ఆ సంకేతానికి రెండు గంటలలోపు ముందస్తు ప్రకటన వస్తుంది. ఆ వ్యవధి ఇల్లు చేరడానికే తప్ప సరుకుల కోసం తిరగడానికి కాదు కనుక, తాగునీరు, మందులు 3వ సంకేతం నాటికే సమకూర్చుకోవాలి. కిటికీలకు టేపు అతికించినా అద్దం గట్టిపడదు, పగిలితే పెంకులు చెదరడం కొంత తగ్గుతుందంతే. 2018 సెప్టెంబరులో మాంగ్‌ఖుట్ టైఫూన్ వచ్చినప్పుడు ఎత్తైన భవనాల అద్దాలు ఎన్నో పగిలాయి. తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, మీదుగా సాగుతున్నప్పుడు గాలి నెమ్మదించినా, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది కనుక, సంకేతం తగ్గించేవరకు దయచేసి బయటికి రావద్దు.