కేతిగాడికి పొట్ట ఎక్కడ వచ్చింది?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

చేత్తో చేసిన ఆటబొమ్మలతో సైన్సు పాఠాలు చెప్పడం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి సైన్సు మాస్టారుగా, ఇంకోసారి రాసుకునేవాడిగా. మాస్టారుకి బాగా నచ్చింది. ల్యాబ్ అని బోర్డున్న గదిలో విరిగిన బెంచీలు తప్ప ఏమీ లేకపోతే, అట్టముక్కలూ చీపురుపుల్లలూ పట్టుకుని పాఠం మొదలుపెట్టావు చూడు, అది అందరూ చేసే పని కాదు. రాసుకునేవాడికి మాత్రం కొన్ని పేచీలున్నాయి. కోప్పడకుండా విను.

మూడు పేజీల్లో పదకొండు బొమ్మలు పెట్టావు. ఒక్కోదానికి నాలుగు లైన్లు, ఆ చివర "పిల్లలు పగలబడి నవ్వారు, ఆనందంగా నేర్చుకున్నారు" అన్న మాట. దేనికి నవ్వారమ్మా? నేను ఆ గదిలో లేనుగా. నవ్వారు నవ్వారు అని నువ్వు చెబుతుంటే, సౌండ్ లేకుండా పెళ్లి వీడియో చూస్తున్నట్టుంది.

ఇక ప్రయోగానికీ ప్రయోగానికీ మధ్య ఒక జోకు. వాటిలో రెండు నాకు వాట్సాప్‌లో ఎప్పుడో వచ్చాయి. ఎందుకు పెట్టావో తెలుసు, ఒకప్పుడు నేనూ పెట్టాను. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేది అదే కదా! కథ నడుస్తుంటే, జనం కునికిపాట్లు పడుతుంటే, తెరమీదికి దూకి నాలుగు మోటు మాటలతో నిద్ర వదిలిస్తారు. కానీ వాళ్లది తెల్లవార్లూ సాగే ఆట. నీది ఒక్క పీరియడు, అందులో హాజరుకే కొంత పోతుంది. అక్కడ పాఠం ఆపి జోకు చెబితే పిల్లలకు జోకు గుర్తుంటుంది, పాఠం ఎక్కడ ఆగిందో గుర్తుండదు.

కేతిగాడి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. ఒకసారి ఆరో తరగతికి నీడల పాఠం చెప్పాలి. శుభలేఖ అట్టతో కేతిగాణ్ణి కత్తిరించి, మోచేతుల దగ్గర దారం ముడివేసి, వెనక చీపురుపుల్ల కట్టాం. కిటికీలకు గోనెసంచులు. ఒక పిల్లవాడి చేతిలో నా ఫోన్ టార్చి. బొమ్మను గోడకు ఆనించి పట్టుకుంటే నీడ బొమ్మంతే ఉంది. టార్చి వైపు జరుపుతూ పోతే పెరగడం మొదలైంది.

"సార్, కేతిగాడు లావైపోతున్నాడు!"

"బిర్యానీ తిన్నాడ్రా."

"ఎక్కడ తిన్నాడు?" అన్నాను నేను.

వెనక బెంచీలోంచి ఒకడు, "టార్చి దగ్గర హోటలుంది సార్. గోడ దగ్గరికొస్తే మళ్లీ ఉపవాసం" అన్నాడు.

చూశావా, నేను చెప్పాల్సిన సూత్రం మొత్తం ఆ ముక్కలో ఉంది. యూనిట్ టెస్టులో ఒకడు అలాగే రాశాడు కూడా, "దీపం దగ్గర హోటలు ఉండును" అని. మార్కు వేశాను.

ఆట అక్కడితో ఆగలేదు. కేతిగాడి చొక్కాకు పిల్లలు స్కెచ్ పెన్నుతో ఎర్ర రంగు వేశారు. గోడమీద మాత్రం నల్లగానే పడ్డాడు. మోసం చేసినట్టు నావైపు చూశారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలు చేసేవాళ్లు మేకతోలును వెలుగు దూరేంత పలచగా గీకుతారు, అందుకే ఆ రంగులు తెరమీదికి వస్తాయి అని చెప్పాను. మనకు తోలెక్కడిది? అంతలో ఒకడు ఇంటర్వెల్‌లో తిన్న మిరపకాయ బజ్జీల కాగితం జేబులోంచి తీశాడు. నూనె ఇంకిన చోట వెలుగు దూరుతోంది! ఆ మరకలోంచే చొక్కా కత్తిరించి రంగు వేశాం. గోడమీద లీలగా ఎరుపు పడింది. గదంతా బజ్జీల వాసన. పారభాసకం, అంటే వెలుగును కొంతే దూరనిచ్చేది, అన్న మాట ఆ తరగతికి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇందులో నేను చెప్పిన జోకు ఒక్కటీ లేదు. బొమ్మ చేసిన పనికి వాళ్లే నవ్వారు. నేను చేసిందల్లా "ఎక్కడ తిన్నాడు" అని అడగడం. నీ వ్యాసంలో నాకు కావలసింది ఇలాంటిది. పిల్లవాడు అన్న మాట అన్నట్టుగా రాయి. దిద్దకు.

ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. గుడ్డు పెంకుతో పడిలేచే బొమ్మ చేస్తాం కదా. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు ఉడికింది, దాని పెంకు పనికిరాదు. అందుకని ఇంటి దగ్గర ఆమ్లెట్ వేసుకున్న రోజు, కోసుగా ఉన్న వైపు రూపాయి బిళ్లంత చిల్లు చేసి, పెంకు కడిగి ఆరబెట్టి తెచ్చాను. అడుగున రెండు చెంచాల ఇసుక వేసి, దానిమీద కరిగించిన కొవ్వొత్తి మైనం పోశాను. బరువంతా అడుగున ఉంటే, పడదోసినప్పుడు ఆ బరువు పైకి లేస్తుంది, మళ్లీ కిందికి దిగబోయి బొమ్మను నిలబెడుతుంది. కానీ మైనం గట్టిపడకముందే తొందరపడి కదిపాను. మైనం ఒక పక్కకు పేరుకుంది. టోపీ, మీసం పెట్టి బల్లమీద ఉంచితే, ఎన్నిసార్లు సర్దినా ఒక పక్కకు ఒరిగే నిలబడింది.

"నిన్న రాత్రి ఎక్కువైనట్టుంది" అన్నాన్నేను. క్లాసు గొల్లుమంది. ఆ మాటను ఒక పత్రికకు రాసిన వ్యాసంలో కూడా పెట్టి మెప్పు పొందాను. మూడో బెంచీ చివర కూర్చున్న ఒక అమ్మాయి నవ్వలేదు, తల దించుకుని నోటు పుస్తకం అట్ట గోకుతూ కూర్చుంది. వాళ్ల నాన్న సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. వ్యాసంలో ఆ పిల్ల లేదు.

తర్వాతి ఏళ్లలో బొమ్మను కావాలనే అలా ఒరిగేట్టు చేసి, ఒక పక్క భుజానికి చిన్న అట్ట సంచి తగిలించి, "సంచిలో ఏమున్నాయిరా వీడికి?" అని అడిగేవాణ్ణి. "అన్ని టెక్స్ట్‌బుక్కులూ సార్." నవ్వు తగ్గలేదు. పైగా బరువు ఏ పక్కనుందో పిల్లలే వేలు పెట్టి చూపించేవారు. సైన్సుపరంగా చూసినా తాగుబోతు జోకుకన్నా సంచి జోకే సరైనది. అది నాకు తట్టడానికి ఏళ్లు పట్టింది.

అరవింద్ గుప్తా పేరు నువ్వు వినే ఉంటావు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో తర్వాత పనిచేసినవాడు, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు చేయించాడు. నాలుగు పుల్లల చతురస్రాన్ని వేలితో నొక్కితే చాలు, పక్కకు వాలిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం చచ్చినా వాలదు. (ఎవరు నొక్కితే అటు వాలే చతురస్రాలు ప్రతి స్టాఫ్‌రూములోనూ ఉంటాయి, అది వేరే కథ.) దీన్ని రాయడానికి ఎన్ని మాటలు కావాలి? నువ్వైతే ముందు ఒక పేరా "బాల్యం సృజనాత్మకతకు నిలయం" అని రాస్తావు. అది కొట్టెయ్. ట్యూబు ముక్క ఎంత పొడవు కోయాలో రాయి.

నీ పదకొండులో పది పక్కన పెట్టు. కొబ్బరాకు బూర ఒక్కటి ఉంచు. ఎందుకంటే మొత్తం వ్యాసంలో ప్రాణమున్న వాక్యం అక్కడే ఉంది: "బూర పలక్కపోతే, దీనికి జలుబు చేసింది టీచర్ అన్నాడు." దాన్ని దాటి గబగబా తర్వాతి బొమ్మకు వెళ్లిపోయావు! ఆ జలుబు ఏమిటో చెప్పు. మూతి మరీ అదిమేశాడా, వదులుగా వదిలేశాడా? మీరు ఏం చేస్తే తగ్గింది? పొడవాటి బూరకు గొంతు బొంగురుగా, పొట్టిదానికి కీచుగా ఎందుకుందని ఎవరైనా అడిగారా? అడగకపోతే అడగలేదనే రాయి. రాసేముందు ఇంకోసారి నీ చేత్తో చుట్టి చూడు. జ్ఞాపకం మీద రాస్తే బొమ్మలన్నీ మొదటిసారికే పనిచేస్తాయి.

మొన్న ఆదివారం మా మనవడూ నేనూ పెరట్లో ఒక బూర చుట్టాం. మూడోసారికి పలికింది. మొదటి రెండూ ఎందుకు మూగబోయాయో వాడు అడిగితే, ఒక టీచరమ్మ రాసి పంపుతుంది ఆగు అన్నాను. రోజూ పోస్టు వచ్చిందా అని అడుగుతున్నాడు.

ఇట్లు,
మీ మాస్టారు