అంతా మిషనే చేస్తుంటే మావాడికి ఏం పని?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. హోసూరు వైపు ఇంజిన్ భాగాలు చేసే కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌గా రమ్మన్నారు. అక్కడంతా ఆటోమేటిక్ లైనట, బటన్ నొక్కి నిలబడటమేనట. చేర్పించాలా, ఈసెట్ రాయించి బీటెక్‌కు పంపాలా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: చేర్పించండి. కాకపోతే లైన్‌లో ఏ పనికి తీసుకుంటున్నారో ముందే అడిగి తేల్చుకోండి. ఆ ఏడాది మీవాడికి అక్కరకొస్తుందా లేదా అన్నది దాని మీదే ఉంది.

మీరు విన్నదాన్ని ట్రాన్స్‌ఫర్ లైన్ అంటారు. ఇంజిన్‌లో ప్రధాన భాగమైన, పోతపోసిన సిలిండర్ బ్లాక్‌ను ఒక చివర ఎక్కిస్తే, ఒక స్టేషన్‌లో పైభాగం చదునుచేస్తారు, ఇంకోచోట రంధ్రాలు తొలుస్తారు, మరోచోట మరలు కోస్తారు. అన్ని స్టేషన్లూ ఒకేసారి పనిచేస్తాయి, బ్లాకులన్నీ ఒకేసారి ముందుకు జరుగుతాయి. అందుకే అన్నిటికన్నా నిదానమైన స్టేషన్‌ది ఎంత వేగమో లైన్‌దీ అంతే. లోతైన ఆయిల్ రంధ్రాన్ని ఒక్కచోటే తొలిస్తే ఆలస్యమని రెండు మూడు స్టేషన్లకు పంచుతారు. ఇది కొత్త పద్ధతేం కాదు, ఇంగ్లండ్‌లో మోరిస్ ఇంజిన్ల ఫ్యాక్టరీ 1920ల్లోనే మొదలుపెట్టింది.

ఇక మనిషికేం పని అంటారా? 20 స్టేషన్ల లైన్ తీసుకోండి. ఒక్కోటీ నూటికి 99 వంతుల సమయం సవ్యంగా పనిచేసినా, ఏ ఒక్కటి ఆగినా మొత్తం ఆగుతుంది కాబట్టి, లైన్ నడిచేది నూటికి 82 వంతులే. 40 సెకన్లకో బ్లాక్ దిగే లైన్ గంట ఆగితే 90 బ్లాకులు పోయినట్టే. ఆగినదాన్ని త్వరగా నడిపించగలిగినవాడికే అక్కడ విలువ.

డ్రిల్ బిట్ విరిగి ముక్క రంధ్రంలోనే ఉండిపోయిందనుకోండి. తర్వాత మరలు కోసే ట్యాప్ దానిమీదికి దిగితే అదీ విరుగుతుంది, బ్లాక్ స్క్రాప్‌కు పోతుంది. అందుకని మధ్యలో ఒక స్టేషన్ పెట్టి రంధ్రాల్లోకి సన్నటి పిన్నులు దించి చూస్తారు. పిన్ను పూర్తిగా దిగకపోతే లైన్ ఆగిపోతుంది. లోపల బిట్ ముక్క ఉందా, కోతలో చల్లబరిచే కూలెంట్ ద్రవానికి కొట్టుకుపోని లోహపు రజను ఇరుక్కుందా, పిన్ను దగ్గరి స్విచ్చే చెడిందా? ఇది నిమిషాల్లో తేల్చే నేర్పు కాలేజీ ల్యాబ్‌లో రాదు.

కాబట్టి మెయింటెనెన్స్ గానీ, టూల్ సెట్టింగ్ (కోసే పనిముట్లు అమర్చే పని) గానీ అడగండి. ఏడాదంతా లోడింగ్ దగ్గరే నిలబెడతామంటే మాత్రం వద్దు, బీటెక్కే మేలు. వెళ్లేలోపు మిషన్లను నడిపించే పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్‌కు ప్రోగ్రామ్ రాసే ల్యాడర్ లాజిక్, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ సర్క్యూట్లు చదవడం మొదలుపెట్టమనండి.

ఎలక్ట్రిక్ బళ్లు పెరిగేకొద్దీ ఇంజిన్ లైన్లకు గిరాకీ తగ్గుతుంది, ఆ మాట దాచను. ఒకే భాగం కోసం కట్టిన లైన్ల బదులు, ప్రోగ్రామ్ మార్చుకునే సీఎన్‌సీ మిషన్లు చాలాచోట్ల వచ్చేశాయి కూడా. కానీ సెన్సర్లు, పీఎల్‌సీ, సర్వో మోటార్లు తెలిసినవాడు ఇంజిన్‌నే నమ్ముకోనక్కర్లేదు. శ్రీసిటీ వాహనాల ప్లాంట్లలోనూ, తిరుపతి పక్కన కరకంబాడి బ్యాటరీల ఫ్యాక్టరీలోనూ కావలసింది ఆ పనితనమే.

డిప్లొమాతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే ఈసెట్ దారి వచ్చే ఏడాదీ ఉంటుంది, బెంగపడకండి. చేరేముందు మాత్రం అప్రెంటిస్ కాంట్రాక్టును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేస్తారా, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి.