ఫ్రీ జాజ్ ప్రత్యక్ష కచేరీలో ఏమి వినాలి?

పల్లవి గానీ లయ గానీ ముందుగా అనుకోకుండా వాయించే ఫ్రీ జాజ్ కచేరీకి వెళ్తే సామాన్య శ్రోతకు ఏమైనా అందుతుందా, లేక అంతా గోలలాగే ఉంటుందా అని మీరు అడిగారు. లండన్‌లో నివసిస్తూ, డాల్స్టన్‌లోని కఫే ఓటోలో ఇటువంటి కచేరీలు వింటూ వస్తున్న నా అనుభవంలో, తప్పకుండా అందుతుంది. పాట కోసం ఎదురుచూడడం మానుకొని, వాయించేవారు ఒకరినొకరు ఎలా వింటున్నారో గమనించడమే అక్కడ శ్రోత చేయవలసిన పని.

2008లో ప్రారంభమైన కఫే ఓటోలో ఎత్తైన వేదిక ఉండదు. కళాకారులు నేలమీదే నిలబడి వాయిస్తారు కాబట్టి, ముందు కూర్చుంటే వారి వేళ్ల కదలిక కూడా కనిపిస్తుంది. నాకు బాగా గుర్తుండిపోయినది సాక్సోఫోన్, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం), డ్రమ్స్ కలిసిన ముగ్గురి కచేరీ. బేస్ వాయించే ఆవిడ కమానును, తీగలను మోసే బ్రిడ్జికి బాగా దగ్గరగా పెట్టి తీగలను రాస్తుంటే గరగరమనే చప్పుడు మాత్రమే వచ్చింది. డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి, ఒక చిన్న సింబల్‌ను (లోహపు పళ్లెం) స్నేర్ డ్రమ్ మీద బోర్లించి, అరచేతితో నెమ్మదిగా తిప్పుతూ ఆ గరగరనే అందుకున్నాడు. సాక్సోఫోన్ విద్వాంసుడు చాలాసేపు వాద్యాన్ని పెదవుల దాకా తీసుకురానేలేదు. చివరికి ఊదినప్పుడు కూడా మొదట గాలి, మీటల టకటక తప్ప మరేమీ వినిపించలేదు. ఆ గాలిలోంచి ఒక స్వరం తేలిన క్షణంలోనే బేస్ తన గరగరను వదిలి, దాని కింద దీర్ఘమైన మంద్రస్వరాన్ని పట్టింది. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. అంతసేపు మౌనంగా ఉండడం ఆ సాక్సోఫోన్ విద్వాంసుడి వాద్యంలో భాగమేనని నాకు అప్పుడు బోధపడింది.

కర్ణాటక సంగీతం వినేవారికి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించడం, కొత్త కాదు. అయితే కల్పనస్వరాలు ఎంత దూరం వెళ్లినా రాగం హద్దు ఉంటుంది, మృదంగం వంటి వాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో చేత్తో తాళం వేసుకుంటూ విద్వాంసుడితో పాటు నడవవచ్చు. ఇక్కడ ఆ ఆధారం లేకపోవడంతో మొదట కొంత ఇబ్బందిగానే ఉంటుంది. దాని స్థానంలో మన జ్ఞాపకం పనిచేయాలి. ఇందాక డ్రమ్మర్ వదిలేసిన ఒక చిన్న దరువును చాలాసేపటి తరువాత బేస్ వేరే వేగంలో ఎత్తుకున్నప్పుడు, దాన్ని గుర్తుపట్టిన శ్రోతకు కలిగే ఆనందం తక్కువది కాదు.

ఈ సంగీతానికి పేరు తెచ్చిన, అమెరికన్ సాక్సోఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ రికార్డు 'ఫ్రీ జాజ్' 1960 డిసెంబరులో న్యూయార్క్‌లో తయారైంది. స్టీరియోలో ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటిగా రెండు క్వార్టెట్లు (నలుగురేసి వాద్యకారుల బృందాలు) అందులో సుమారు 37 నిమిషాలు కలిసి వాయించాయి. ఒకరి సోలోకూ మరొకరి సోలోకూ నడుమ ముందే రాసుకున్న చిన్న స్వరభాగాలు మాత్రం అందులో ఉన్నాయి. 1966 నుంచి లండన్‌లోని లిటిల్ థియేటర్ క్లబ్‌లో డ్రమ్మర్ జాన్ స్టీవెన్స్, ఆయన తోటివారు క్రమంగా వాటిని కూడా వదిలేశారు. తోటివారి వాద్యం నీకు వినిపించడం లేదంటే నువ్వు మరీ గట్టిగా వాయిస్తున్నట్టే అన్నది స్టీవెన్స్ పాటించిన నియమం. ఫ్రీ జాజ్‌లో నియమాలే లేవనేవారికి నేను ముందుగా చెప్పేది దీని గురించే.

ప్రతి రాత్రీ గొప్పగా ఉంటుందని మాత్రం చెప్పను. అందరూ ఒకేసారి నిండుగా వాయిస్తూ ఎవరూ తగ్గని కచేరీలు కూడా విన్నాను. వాటిలో ఎంత నైపుణ్యమున్నా వినేవాడికి చోటు దొరకదు. అందువల్ల మొదటిసారి పెద్ద బృందం జోలికి పోకుండా, ఇద్దరో ముగ్గురో వాయించే కచేరీని ఎంచుకోండి. డ్రమ్స్‌కు మరీ దగ్గరగా కూర్చుంటే చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు తీసుకువెళ్లండి. మొదటి సెట్ రుచించకపోయినా విరామంలో లేచి వెళ్లిపోవద్దు, ఎందుకంటే అదే కళాకారులు రెండవ సెట్‌లో పూర్తిగా వేరే దారి పట్టడం నేను చాలాసార్లు చూశాను.